నిధి సీమంతానికి నాలుగు బోల్టులు

అమెరికాలోని ప్లెయిన్స్‌బరో ఊళ్ళో మా కాంప్లెక్స్ పిల్లలు నన్ను తుప్పు ఆంటీ అంటారు. నా వెనకాల కాదు, మొహం మీదే. వాళ్ళకు నేర్పింది వాళ్ళ అమ్మానాన్నలే. ఇన్ని తెలుగు కుటుంబాల్లో సాఫ్ట్‌వేరూ మందుల కంపెనీలూ కాకుండా ఇనుముతో బతికేదాన్ని నేనొక్కదాన్నే మరి. విరిగిన వస్తువు ఎందుకు విరిగిందో కనిపెట్టే ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. క్రేన్ కొక్కెం గానీ లిఫ్టు షాఫ్టు గానీ ఆస్పత్రి మంచం కాలు గానీ, విరిగితే మా బల్ల మీదికి రావాల్సిందే. ఎన్నో కోర్టు కేసుల్లో నా రిపోర్టు తీసి చదువుతారు. మా కాంప్లెక్స్ వాట్సాప్ గ్రూపులో మాత్రం నన్ను అడిగే ప్రశ్నలు వేరు.

"అక్కా, ఇడ్లీ కుక్కర్ అడుగు నల్లబడింది, కాన్సర్ వస్తుందా?" "అక్కా, ఇండియా నుంచి తెచ్చిన స్టీలు గిన్నెకి మ్యాగ్నెట్ అతుక్కుంటోంది, మోసపోయామా?" "అక్కా, దోసె పెనం తుప్పు పట్టింది." ఆ పెనం ప్రశ్న ఒక్కటే నాకు ఏడాదికి నలభైసార్లు వస్తుంది. మొదట్లో ఓపిగ్గా రాసేదాన్ని. తరవాత్తరవాత రెండు ముక్కల్లో జవాబు పడేసి, ఫోను బోర్లా పెట్టి నా పని చూసుకోవడం అలవాటైంది. ఏం చేయను, నాకూ ఉద్యోగం ఉంది కదా.

ఇక ఉయ్యాల సంగతి. మా వాళ్ళకు ఒక ఉమ్మడి ఉయ్యాల ఉంది. పదకొండేళ్ళ కిందట ఆరు కుటుంబాలు కలిసి చేయించుకున్నాయి. సీమంతం, బారసాల, ఓణీల ఫంక్షన్, ఏదైనా సరే ఆ ఉయ్యాల రావాల్సిందే. ఆఖరున ఎవరింట్లో ఫంక్షన్ అయితే వాళ్ళ గ్యారేజీలో ఉంటుంది, తరవాతి ఫంక్షన్ వాళ్ళు వ్యాను తెచ్చుకుని పట్టుకుపోతారు. దానికి రిజిస్టరు లేదు, తాళం లేదు, బాధ్యుడంటూ ఎవరూ లేరు. అటూ ఇటూ ఇనప కాళ్ళు, పైన అడ్డదూలం, కింద గొలుసులకు వేలాడే టేకు బల్ల. దూలం వ్యాన్‌లో పట్టదని మధ్యకు రెండు ముక్కలు చేసి, నాలుగు బోల్టులతో కలిపేలా పెట్టారు. అంటే బల్ల మీద కూర్చున్న మనిషి బరువంతా ఆ నాలుగు బోల్టుల మీదే ఉంటుంది.

ఈ డిజైను పద్మనాభంగారిది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు మెకానికల్ ఇంజనీరుగా చేసి రిటైరై, పదమూడేళ్ళుగా మా పక్క బ్లాకులో కొడుకు దగ్గర ఉంటున్నారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. మంచివారే. కానీ ఆయన ఒకసారి "నా సర్వీసులో" అని మొదలుపెడితే మనం ఉన్నచోటే నిలబడి పూర్తిగా వినాలి, మధ్యలో గాలి కూడా చొరబడదు. నేను ఆయన్ని బాబాయిగారూ అంటాను.

ఆ శనివారం మధ్యాహ్నం నేను క్లబ్‌హౌస్‌కి వెళ్ళింది అరిటాకులు ఇవ్వడానికి. మర్నాడు పదకొండింటికి జయంతి కూతురు నిధికి సీమంతం. జయంతీ నేనూ ఇరవై ఏళ్ళుగా స్నేహితులం. నిధికి ఎనిమిదేళ్ళప్పుడు లెక్కలు నేనే చెప్పాను. రెండుసార్లు కడుపు నిలవక, ఈసారి ఏడో నెల దాకా వచ్చింది ఆ పిల్లకి. జయంతి ఆర్నెల్లుగా దేవుడి గదిలోంచి బయటికొస్తే ఒట్టు.

ఉయ్యాల నిలబెట్టేశారు. జయంతి భర్త మోహన్ నిచ్చెన దిగుతున్నాడు, కింద పద్మనాభంగారు పొడుగాటి రెంచి పట్టుకుని నిలబడ్డారు. మోహన్ సాఫ్ట్‌వేర్ మనిషి, చేతికి పని దొరికితే పొంగిపోతాడు.

"అక్కా, చూడండి, చూడండి! బోల్టులు వెండిలా లేవూ?"

తలెత్తి చూశాను. దూలం మధ్యలో నాలుగు బోల్టు తలకాయలు తళతళా మెరుస్తున్నాయి. నాకు తెలిసి అవి నల్లటి బోల్టులు. చేతిలో అరిటాకుల కట్ట అలాగే పట్టుకుని అడిగాను.

"మోహన్, ఇవి కొత్తవా?"

"కాదక్కా, పాతవే. సెప్టెంబర్ వానలకి, ఆఖరున ఉంచుకున్నవాళ్ళ గ్యారేజీలో నీళ్ళొచ్చాయంట, ఫుల్లుగా తుప్పు పట్టేశాయి. ఫోటోల్లో తుప్పు కనపడకూడదని జయంతి ఒకటే గోల. వెనిగర్‌లో వేస్తే సగమే పోయింది. స్విమ్మింగ్ పూల్‌లో వేసే యాసిడ్ తెచ్చి, నీళ్ళు కలిపి, ఆవకాయ జాడీలో రెండ్రోజులు నానబెట్టా. ఏం బుడగలక్కా! సోడాలా పొంగింది."

"నానబెట్టి?"

"కడిగి తుడిచేశా."

"ఓవెన్‌లో పెట్టావా? వేడి చేశావా?"

మోహన్ పద్మనాభంగారి వైపు చూశాడు. "బోల్టులు ఓవెన్‌లోనా అక్కా?"

అరిటాకులు కుర్చీలో పడేశాను. "దింపండి. ముందు ఆ బోల్టులు విప్పండి. దీని మీద ఎవరూ కూర్చోకూడదు."

పద్మనాభంగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏమ్మా అమ్మాయ్, ఏమైంది?"

"బోల్టుల్లోకి హైడ్రోజన్ వెళ్ళింది బాబాయిగారూ."

"ఎక్కడికి?"

"ఉక్కు లోపలికి."

ఆయన నవ్వారు. మోహన్ కూడా నవ్వాడు. పూలు కట్టడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా చేతులాపి నవ్వారు. "ఉక్కులోకి గ్యాసా? అదేమన్నా బెలూనా అమ్మా?"

ఇదిగో, ఇలాంటప్పుడే నాకు ఒళ్ళు మండుతుంది. బైపాస్ సర్జన్ చెబితే చేతులు కట్టుకుని వింటారు, లాయరు చెబితే డబ్బిచ్చి మరీ వింటారు, ఇనుము గురించి చెబితే మాత్రం ప్రతివాడికీ అభిప్రాయం ఉంటుంది. అయినా పళ్ళు బిగబట్టి చెప్పాను. యాసిడ్ ఇనుమును తింటున్నప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. ఒక్కో పరమాణువుగా ఇనుము మీదే పుడుతుంది. రెండేసి జతకట్టినవి బుడగలై పైకి పోతాయి, మోహన్ చూసింది వాటినే. జతకట్టేలోపే కొన్ని ఒంటరిగా ఇనుములోకి దూరిపోతాయి. అంత చిన్నవి మరి, వాటికి ఉక్కు కూడా జల్లెడే. తడిలో మామూలుగా తుప్పు పట్టేటప్పుడు కూడా ఇది జరుగుతుంది, కాకపోతే కొంచెమే. మోహన్ రెండు రోజులు పనిగట్టుకుని తాగించాడు.

"సరే, దూరింది. దూరితే ఏం?" అన్నారు పద్మనాభంగారు.

"బోల్టు బిగించారు కదా. బిగిస్తే సాగుతుంది. ఎక్కడ ఎక్కువ సాగిందో లోపలున్న హైడ్రోజన్ అక్కడికి చేరుతుంది, అక్కడ ఉక్కు పెళుసెక్కుతుంది. ఇవాళ విరగదు. రేపో ఎల్లుండో ఉన్నట్టుండి పుటుక్కుమంటుంది. నానబెట్టిన వెంటనే గంటల తరబడి వేడి చేసుంటే చాలావరకు బయటికి పోయేది. ఇప్పుడు ఆలస్యమైపోయింది, మార్చాల్సిందే."

"ఇవి ట్వెల్వ్ పాయింట్ నైన్ బోల్టులమ్మా. బజార్లో ఇంతకన్నా గట్టివి దొరకవు. మార్చాలంటే ఇవి దొరికే షాపు సోమవారం దాకా తెరవరు."

"ఇవే వద్దు. రోడ్డు మీది హార్డ్‌వేర్ షాపులో మామూలు బోల్టులుంటాయి, కాస్త మెత్తటివి. అవి వేద్దాం."

అక్కడే నా కొంప మునిగింది. ఆయన రెంచి కింద పెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అన్నారు. "అంటే, కడుపుతో ఉన్న పిల్ల కూర్చునే ఉయ్యాలకి గట్టి బోల్టులు తీసేసి మెత్తటివి వేయమంటావు. అంతేనా అమ్మాయ్?"

"అవును! గట్టి ఉక్కుకే ఈ రోగం. మెత్తటిది తట్టుకుంటుంది, గట్టిది తట్టుకోలేదు."

చెబుతున్న నాకే అది పిచ్చిమాటలా వినిపించింది. నిజం కొన్నిసార్లు ఎంత దరిద్రంగా వినిపిస్తుందో! మోహన్ మొహంలో జాలి కనిపించింది. నన్ను చూసి జాలి!

"ఇంత వాదనెందుకు, టెస్ట్ చేసేద్దాం అక్కా," అన్నాడు. నేను వద్దు వద్దంటుంటే ఆరుగురు మగవాళ్ళు ఆ బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు, పద్మనాభంగారితో సహా. ఊగారు కూడా. ఎవరో వీడియో తీశారు. నేను ఆ బోల్టుల వైపే చూస్తున్నాను. ఏమీ కాలేదు. "చూశావా, వెయ్యి పౌండ్లు!" అన్నారు పద్మనాభంగారు దిగుతూ. "నా సర్వీసులో లోడ్ టెస్ట్ పాసైన సామానుని ఎవడూ వెనక్కి పంపలేదు."

"బాబాయిగారూ, దీనికి లోడ్ టెస్ట్ పనికిరాదు! టైము పడుతుంది అని చెబుతున్నాను కదా!" నా గొంతు కీచుమంది. గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా నయం.

అప్పుడొచ్చింది జయంతి, చేతిలో గాజుల పెట్టెలతో. సంగతి విని ఆమె మొహం పాలిపోయింది. "అక్కా, శుభమా అని ఫంక్షన్ చేసుకుంటుంటే ఇలా విరుగుతుంది, పడుతుంది అంటారేంటి?"

"జయంతీ, నీ కూతురి కోసమే చెబుతున్నా. ఏ తలమాసినవాడు చెప్పాడు మోహన్‌కి, బోల్టుల్ని యాసిడ్‌లో వేయమని?"

మోహన్ ఫోను తీసి, గ్రూపులో పైకి జరిపి, తెర నా మొహం ముందు పెట్టాడు. మంగళవారం మధ్యాహ్నం. "అక్కా, ఇనుము మీద తుప్పు కంప్లీట్‌గా పోవాలంటే ఎలా? అర్జెంట్." దాని కింద నా పేరు, నా జవాబు. "యాసిడ్‌లో నానబెట్టండి." దాని కింద పదకొండు బొటనవేళ్ళు.

ఆ తలమాసినవాడిని నేనే.

నిజంగా గుర్తులేదు. ఆ రోజు క్లయింటుతో మీటింగులో ఉన్నాను. మళ్ళీ పెనమే అనుకున్నాను. ఏ ఇనుము, ఏ వస్తువు, దేనికి అని ఒక్క మాట అడగలేదు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు అడగకుండా ఇలాంటి సలహా ఇస్తే నేనే చెడామడా తిడతాను. నోరు తెరిచి ఆ మాట అక్కడే ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోలేదు. అందరూ నా వైపే చూస్తుంటే ఉక్రోషం తన్నుకొచ్చింది.

"నేను దోసె పెనం అనుకున్నాను!" అని అరిచాను.

అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆ నవ్వుతో నా మాటకు ఉన్న కాస్త విలువా పోయింది. జయంతి మాత్రం నవ్వలేదు. "సలహా ఇచ్చిందీ మీరే, వద్దంటోందీ మీరే. నేను ఎవరి మాట వినాలక్కా?" అంది. నేను బయటికి వచ్చేశాను.

హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి మామూలు బోల్టులు నాలుగు, నట్లు నాలుగు కొన్నాను. ఎవరు వేయనిస్తారని కొన్నానో నాకే తెలియదు. ఇంటికెళ్ళి జరిగిందంతా మా ఆయనకు చెప్పాను. అంతా విని, "నువ్వు చెప్పింది కరెక్టే. కానీ నువ్వు చెప్పేటప్పుడు అవతలి మనిషి నాలుగు తిట్లు తినకుండా విషయం తెలుసుకోలేడు," అన్నాడు. ఆయనతో కూడా మాట్లాడటం మానేశాను.

ఆదివారం ఎనిమిదింటికల్లా క్లబ్‌హౌస్ దగ్గరున్నాను, బ్యాగులో బోల్టులూ రెంచీ పెట్టుకుని. ఎవరూ రాకముందే మార్చేద్దామని నా పథకం. తలుపు తీసేసరికి లోపల నిధి ఒక్కతే కూర్చుని ఉంది. ఉయ్యాల మీద కాదు, పక్కన కుర్చీలో, చెప్పులు విప్పి, వాచిన పాదాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని. ఉయ్యాల చూస్తే బోల్టులు కనపడకుండా దూలమంతా బంతిపూలు చుట్టేశారు.

"ఆంటీ, ఇంట్లో అందరూ అరుస్తున్నారు, నేను ఇక్కడికి వచ్చేశా," అంది నిధి తన అమెరికా యాసలో. "నిన్న వీడియో చూశా. అమ్మ ఏడ్చింది. నాకు ఎవరూ ఎక్స్‌ప్లెయిన్ చేయట్లేదు. మీరు చెప్తారా? స్లోగా?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వడం లేదు కాబట్టి నా గొంతు కూడా లేవలేదు. బుడగలు ఎందుకొచ్చాయో, పైకి పోకుండా లోపలికి వెళ్ళినవి ఏం చేస్తాయో, ఆరుగురు కూర్చున్నా ఎందుకు విరగలేదో, ఎవరూ కూర్చోకపోయినా ఎందుకు విరగొచ్చో, అన్నీ చెప్పాను. నిధి మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది. రెండూ మంచి ప్రశ్నలే.

"సో, డెఫినెట్‌గా విరుగుతుందా?"

"తెలీదమ్మా. విరగకపోవచ్చు కూడా. ఆ బోల్టు లోపల ఎంత దూరిందో కోసి చూస్తే గానీ చెప్పలేను. నేను మాత్రం నా కూతుర్ని కూర్చోబెట్టను."

"ఎవరి మిస్టేక్ ఆంటీ ఇది? డాడీదా?"

తప్పించుకోవడానికి నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. "నాది," అన్నాను. "దేనికి అని అడగకుండా జవాబిచ్చాను. మీ నాన్న నన్ను నమ్మి చేశాడు. చిరాకులో రెండు ముక్కలు కొట్టి ఫోను పక్కన పడేశాను. నీ సీమంతం ఉయ్యాల అని నాకు తెలిస్తే... తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదు." చెబుతుంటే ఏడుపొచ్చింది. నాకు ఏడుపంటే పరమ చిరాకు, నాదైతే మరీను.

నిధి పాదాలు కిందికి దించింది. "నిన్నటి నుంచి అందరూ నేను రైట్, నేను రైట్ అంటున్నారు. రాంగ్ అన్నది మీరొక్కరే. నేను ఉయ్యాల ఎక్కను."

ఆ మాటతో గొడవ అయిపోతుందనుకున్నాను. నా మొహం, ఎక్కడ అవుతుంది! జయంతి వచ్చింది, మోహన్ వచ్చాడు, పద్మనాభంగారు పట్టుపంచె కట్టుకుని వచ్చారు. బోల్టులు మారుస్తానని నేనంటే, దూలానికి కట్టిన పూలు ముహూర్తానికి ముందు విప్పడం అపశకునం అంది జయంతి. ఉయ్యాల తీసి బయట పెడదామంటే, అంత అలంకరించి తీసేస్తే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు అన్నాడు మోహన్. ఎక్కనని నిధి మొండికేసింది. చివరికి కుదిరిన రాజీ ఇది. నిధి కింద చాప మీద పీట వేసుకుని కూర్చుంటుంది. ఉయ్యాల అలంకారానికి వెనకాల ఉంటుంది. దాని దగ్గరికి ఎవరూ రాకుండా తుప్పు ఆంటీ కాపలా ఉంటుంది.

అలా, కుర్చీల మూడో వరసలో కూర్చుని పాటలు పాడాల్సిన నేను, పట్టుచీర కట్టుకుని ఖాళీ ఉయ్యాలకి కాపలాదారునయ్యాను. చుట్టూ కుర్చీలు అడ్డంపెట్టి నిలబడ్డాను. పిల్లలు తండోపతండాలుగా వచ్చారు. "ఆంటీ, ఒక్క రైడ్!" "ఆంటీ, జస్ట్ టచ్ చేస్తా!" ఆరేళ్ళవాడొకడు కుర్చీల కింద నుంచి పాకాడు, కాలు పట్టుకుని వెనక్కి లాగాను. వాడి తల్లి నన్ను పురుగును చూసినట్టు చూసింది. "ఏంటక్కా, ఉయ్యాల మీరు కొనేశారా?" అని ఒకావిడ, "పెనాలు కూడా చూసుకోండి" అని ఇంకొకావిడ. అక్కడ గాజులు తొడుగుతున్నారు, హారతి పాడుతున్నారు. నాకు నిధి జడలో పూలు తప్ప ఏమీ కనపడటం లేదు. ఎవరో జాలిపడి పులిహోర ప్లేటు చేతిలో పెడితే నిలబడే తిన్నాను.

పన్నెండున్నరకి భోజనాలకు లేస్తుండగా పద్మనాభంగారు నా వైపు వచ్చారు. కుర్చీ ఒకటి పక్కకు జరిపారు.

"చాల్లే అమ్మాయ్. ఒక రాత్రీ ఒక పూటా గడిచింది. ఏమీ కాలేదు. పిల్లని కింద కూర్చోబెట్టించావు. ఇప్పుడు నేను ఇందులో కూర్చుంటా, అందరి భయమూ పోతుంది. నా డిజైనమ్మా ఇది."

"వద్దు బాబాయిగారూ."

"జరుగు."

ఆయన అడుగు ముందుకు వేశారు. ఆయన్ని తోయలేను, డెబ్బై నాలుగేళ్ళ మనిషి. అరిస్తే వినరు, నిన్నంతా అరిచి చూశాను. హాలు మొత్తం మా వైపే చూస్తోంది. నేను చేతులు రెండూ జోడించాను.

"బాబాయిగారూ, తప్పు మీ డిజైనుది కాదు. నాది," అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా. "మీ బోల్టులు పదకొండేళ్ళు మోశాయి. ఇంకో ఇరవై ఏళ్ళు మోసేవి. నేను అడ్డమైన సలహా ఇచ్చి పాడుచేశాను. మోహన్ తప్పు కూడా లేదు. నిన్న అందరి ముందు ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చింది, ఇవాళ ఒప్పుకుంటున్నాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, కూర్చోకండి."

పద్మనాభంగారు తికమకపడ్డారు. ఎదురు వాదిస్తే ఆయనకు బలం, ఇలా చేతులు జోడిస్తే ఏం చేయాలో తెలియలేదు. పక్కకు జరిపిన ఆ కుర్చీలోనే కూర్చున్నారు. కానీ ఊరుకోవడం ఆయన ఒంట్లో లేదు కదా, వేలెత్తి మొదలుపెట్టారు.

"తప్పు ఒప్పుకోవడం మంచిదేనమ్మా. కానీ నీ తప్పేమీ లేదనే నేను చెప్పేది. ఎందుకంటే యాసిడ్ వల్ల ఏమీ కాలేదు. నా సర్వీసులో ఇలాంటివి వందల బోల్టులు..."

ఠక్.

ఎండు కొమ్మ విరిచినట్టు వినిపించింది. పూలలోంచి ఏదో రాలి, నేల మీద దొర్లుకుంటూ వచ్చి, పద్మనాభంగారి చెప్పుకు తగిలి ఆగింది. బోల్టు తల. తళతళా మెరుస్తోంది.

ఆయన దాన్ని తీసుకోవడానికి వంగారు. నేను ఆయన భుజం పట్టుకుని కుర్చీతో సహా వెనక్కి లాగాను. రెండో ఠక్, వెంటనే మూడోది. దూలం మధ్యకు విరుచుకుని, రెండు ముక్కలూ కిందికి వాలాయి. టేకు బల్ల ధడాలున నేలను తాకింది. బంతిపూలు హాలంతా చెల్లాచెదురయ్యాయి. ఉయ్యాల మీద ఎవరూ లేరు. దాని మీద పూల బరువు తప్ప ఏమీ లేదు.

జయంతి కేక వేసి నిధిని కావలించుకుంది. మోహన్ చేతిలో నెయ్యి గిన్నె వంగిపోయి నెయ్యి షర్టు మీద కారుతోంది, అతనికి తెలియడం లేదు. నాకు గెలిచినట్టు అనిపించలేదు. నేల మీదే కూలబడ్డాను. ఆ బల్ల పడిన చోటే చూస్తున్నాను. ఎనిమిదేళ్ళప్పుడు నా పక్కన కూర్చుని భాగహారం చేసిన పిల్ల ఆ బల్ల మీద ఉండాల్సింది, కడుపులో బిడ్డతో. నేను రాసిన రెండు మాటలకు.

చాలాసేపటికి పద్మనాభంగారు నా పక్కకు వచ్చి, పట్టుపంచె నలుగుతున్నా లెక్కచేయకుండా నేల మీద కూర్చున్నారు. విరిగిన బోల్టు తల నా అరచేతిలో పెట్టారు. విరిగిన చోట సాగిన గుర్తేమీ లేదు, పటికబెల్లం ముక్క విరిచినట్టు గరుగ్గా, మెరుస్తూ ఉంది. ల్యాబ్‌లో ఇలాంటివి వందలు చూశాను.

"నిన్న నా మనవడిని కూడా ఎక్కించబోయానమ్మా, ఫోటోకి," అన్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. "మొదట్నుంచి చెప్పు. ఆ హైడ్రోజన్ సంగతి. ఈసారి మాట్లాడను, వింటాను."

చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నిజంగానే మాట్లాడలేదు. సగంలో నిధి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, నా ముందు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"ఆంటీ, అందరూ గాజులు వేశారు. మీ టర్న్ మిస్ అయింది."

ఆకుపచ్చ గాజులు రెండు తొడిగాను. నిధి నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల ఒక్క తన్ను, గట్టిగా. అప్పుడు ఏడ్చాను. ఈసారి చిరాకు పడకుండా, ఎంత ఏడవాలో అంతా ఏడ్చాను.

ఒళ్ళోని ఫోను మోగింది. గ్రూపులో మెసేజ్. హాల్లో ఇంత జరుగుతుంటే ఎవరో ఇంట్లో కూర్చుని రాశారు. "అక్కా, ఇనుము తుప్పు పట్టింది, ఏం చేయాలి? అర్జెంట్."

నిధి తెర మీదికి వంగి చదివి కిసుక్కున నవ్వింది. నాకు మామూలుగా వచ్చే తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. కళ్ళు తుడుచుకుని టైప్ చేశాను.

"దేనికి పట్టింది? దాంతో ఏం చేస్తారు? ఫోటో పెట్టండి, ఫోన్ చేస్తున్నాను."